విడిపోయేనాటి మాట

ఫాతిహా చదవడానికి ముగ్గురూ అరచేతులు తెరిచి ముఖాల ముందు పెట్టుకున్నారు. మొంజియా మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ముందు ఎవరూ గమనించలేదు, కళ్ళు మూసుకుని ఉన్నారు కదా. తుర్కియా ముసలిది. మోకాళ్ళు పట్టేసి, కాలు మార్చుకోబోతూ ఒక కన్ను తెరిచింది. తెరిచిన కన్ను మళ్ళీ మూతపడలేదు.

"చెయ్యెత్తవేమే?"

"ఎత్తను అత్తా."

దలెందా కళ్ళు తెరిచింది. పక్కనే ఉన్న సాలిహా కూడా తెరిచింది. నలుగురూ ఆలివ్ తోటల్లో కూలికి పోయేవాళ్ళు. ఒకే ట్రక్కెక్కి, ఒకే చెట్టు కింద కాయ దులిపేవాళ్ళు. తుర్కియాకి మొగుడు పోయాడు, సాలిహా మొగుడు పడవెక్కి సముద్రం దాటి అజాపజా లేకుండా పోయాడు, మొంజియాని మొగుడు వదిలేశాడు, దలెందాకి అసలు మొగుడే రాలేదు. ఆ గదిలో అన్ని రకాలూ ఉన్నాయి. ఊరవతల దలెందాకి తండ్రి ఆస్తిలో ఆడపిల్ల పాలుగా వచ్చిన బోడినేల ఒకటుంది. దానిమీద ఇల్లు కట్టుకుని నలుగురూ కలిసి ఉండాలని, నేలంతా ఆలివ్ పెట్టుకుని ఇక జన్మలో ఆ ట్రక్కెక్కకూడదని ఆ మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు. దలెందా ఏదంటే దానికి మిగతావాళ్ళు తలూపారు. నేల ఆవిడది మరి. ఫాతిహా చదివేస్తే మాట ఖాయమైపోయినట్టే. పిల్లనిచ్చినా, పొలమిచ్చినా, దాని తర్వాత వెనక్కి పోవడమన్నది ఈ ఊళ్ళో లేదు.

"ఎట్లా కలిసుంటామో పొద్దుణ్ణించీ చెప్పుకున్నాం," అంది మొంజియా. "ఎట్లా విడిపోతామో ఒక్కరూ చెప్పలేదు. అది కూడా చెప్పుకుందాం. అప్పుడెత్తుతా."

"అయ్యో అక్కా! ఇంకా పునాదన్నా తవ్వలేదు, ఇప్పుడా ఆ పాడుమాట?" అంది సాలిహా. ఒళ్ళో నిద్రపోతున్న కూతురి చెవిమీద చెయ్యి కూడా వేసింది, పిల్లకెక్కడ వినపడుతుందోనని.

దలెందా మొంజియా వైపు తిరిగింది. పెద్దమనిషి, మాట తక్కువ. ఎవరికీ తలవంచని మనిషని పేరు.

"నేను నిన్ను వెళ్ళగొడతాననా నీ అనుమానం?"

"వెళ్ళగొడతావని అనలేదక్కా. వెళ్ళగొట్టగలవు అంటున్నా."

"రెంటికీ తేడా ఏముంది?"

"నాకుంది."

దలెందా లేచింది. టీ రెండో వాయి అయింది, మూడో వాయికి కెటిల్ ఇంకా బొగ్గులమీదే ఉంది. ఆవిడ కెటిల్ దించలేదు. ఖాళీ గ్లాసులు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో బోర్లించింది. మూడో టీ పొయ్యకుండా గ్లాసులు తీసేస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం. తుర్కియా గోడ పట్టుకుని లేస్తూ, మొంజియా భుజం మీద ఒక్క పోటు పొడిచింది.

"నీ నోట్లో మట్టి పడ. పెళ్ళికి ముందే తలాకు పత్రం అడిగినట్టుంది."

మొంజియా చెప్పులు వేసుకుంది. తప్పు చేశానని ఆమెకి అనిపించలేదు. భయం మాత్రం వేసింది. ఆమె ఉంటున్నది అన్నగారింట్లో. వసంతంలో మేనల్లుడి పెళ్ళి. కొత్త జంటకి కావలసింది సరిగ్గా ఆమె పడుకునే గదే. ఈ నేల తప్పిపోతే ఆమెకి ఇంకో చోటు లేదు. అది తెలిసే ఆమె చెయ్యెత్తలేదు.

మర్నాడు తెల్లవారకముందే ట్రక్కు వచ్చింది. డ్రైవరు దిగి, ఎప్పట్లాగే బక్కెట్టు నీళ్ళు వెనక రేకుమీద పారబోశాడు. రేకు తడిగా ఉంటే ఆడవాళ్ళు కూర్చోరు. కూర్చోకపోతే ఇంకో సగం మంది పడతారు. ఈ తెలివి ఏ మహానుభావుడికి మొదట వచ్చిందో తెలీదుగాని, ఈ చుట్టుపక్కల డ్రైవర్లందరూ దాన్ని భక్తిగా పాటిస్తారు. చలికాలం తెల్లవారుజామున ఆ నీళ్ళు చెప్పుల్లోకి దిగితే మధ్యాహ్నం దాకా కాళ్ళకి వెచ్చదనం రాదు.

"ఏం రాణీగార్లూ, మీ రాజ్యం ఎప్పుడు మొదలు?" అన్నాడు డ్రైవరు. ఊరంతా పాకింది అప్పటికే.

"మొదలవగానే నిన్నే ద్వారపాలకుణ్ణి చేస్తాం లేరా," అంది తుర్కియా పైకెక్కుతూ. "రోజంతా నిలబడే ఉద్యోగం. కింద నీళ్ళు మేం పోస్తాం."

ట్రక్కంతా నవ్వింది. మొంజియా కూడా నవ్వింది. కానీ తుర్కియా ఆమెవైపు చూడలేదు. రోజూ ఎదురుగాలికి అడ్డంగా మొంజియా వీపు వెనక నక్కే సాలిహా ఆ రోజు అవతలి మూలకి పోయి నిలబడింది. దలెందా కమ్మీ పట్టుకుని రోడ్డువంకే చూస్తూ ఉంది.

తోటలో ఇంకా ఘోరం. చెట్టుకింద పరిచే పట్టా పెద్దది. ఒక చెట్టు అయ్యాక తలో కొస పట్టుకుని కాయంతా మధ్యకి తెచ్చి, ఇంకో చెట్టుకిందకి ఈడవాలి. నలుగురి చేతుల పని అది. ఆ రోజు ముగ్గురు మూడు కొసలు పట్టుకుని, నాలుగో కొస సంగతి తెలియనట్టు లాగారు. ఆ కొస రాళ్ళమీద పడి ఈడ్చుకుపోయింది. నల్లగా నిగనిగలాడే కాయలు దుమ్ములోకి దొర్లాయి.

"కళ్ళు ఊళ్ళో వదిలేసి వచ్చారా!" అని తోట మేస్త్రీ అటునించి అరిచాడు.

మొంజియా పరుగెత్తి కొస అందుకుంది. ఎవరూ కాదనలేదు, రమ్మనీ అనలేదు. తర్వాత ఆమె వేళ్ళకి మేకకొమ్ములు తొడుక్కుని, నిచ్చెనెక్కి కొమ్మ దువ్వడం మొదలెట్టింది. జడ దువ్వినట్టు పైనించి కిందికి, ఆకు చిరగకుండా, లేత రెమ్మ విరగకుండా దువ్వాలి. విరిస్తే వచ్చే ఏడాది కాపు విరిగినట్టే. కోపంలో ఉన్న చెయ్యి ఈ పనికి పనికిరాదు. ఆమె రెండుసార్లు రెమ్మ విరిచింది. నిచ్చెనమీదే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలెట్టింది.

రొట్టె తినే వేళకి తుర్కియా ఉండబట్టలేక వచ్చింది. హరీసా కారంలో నూనె పోసిన గిన్నె మధ్యలో పెట్టి కూర్చుంది.

"నిజం చెప్పు. దలెందా మీద నమ్మకం లేదా నీకు?"

"ఉంది."

"మరి?"

"నన్ను ఇంట్లోంచి రెండుసార్లు పంపారత్తా, వసంతానికి మూడోసారి. మూడుసార్లూ మంచివాళ్ళే." మొంజియా రొట్టె తుంచి గిన్నెలో అద్దింది, నోట్లో పెట్టుకోలేదు. "మా ఆయన చెడ్డవాడేం కాదు. మా మావగారు బంగారం. మా అన్న సంగతి నీకూ తెలుసు, నేనంటే ప్రాణం. ఎప్పుడూ కలిసే ఉందాం అన్నవాళ్ళే వీళ్ళందరూ. ఆ మాట అన్నవాళ్ళని నేనెలా అడిగేది, నా మూట ఎక్కడ పెట్టుకోవాలీ అని?"

తుర్కియా నమిలింది. ఆవిడకి పళ్ళు తక్కువ, నమలడానికి టైం పడుతుంది.

"అయినా ముందే విడిపోవడం గురించి మాట్లాడితే అపశకునం కాదూ?"

మొంజియా తల ఎత్తి చెట్లు చూసింది. ఈ తోటలో చెట్లు ఒకదానికొకటి చాలా ఎడంగా, తాడు పట్టి గీసినట్టు వరసల్లో ఉంటాయి. ఎటునించి చూసినా నేల అంచుదాకా దారి కనిపిస్తుంది.

"ఈ తోట పెట్టిందెవరత్తా?"

"మా నాన్న. మగార్సాకి పెట్టాడు." అడగడమే ఆలస్యం, తుర్కియా ముఖం విప్పారింది. "నేల పట్నంలో షావుకారుది. గుంట తవ్వింది, దుంగ నాటింది, కావిడితో నీళ్ళు మోసింది మా నాన్న. నేను అప్పటికి పాలు తాగే పిల్లనట. చెట్లు కాపుకొచ్చేసరికి నాకు పెళ్ళయింది. కాపుకొచ్చిన నాడు షావుకారు వచ్చాడు, తాడు పట్టారు, ఇటు సగం షావుకారుకీ, అటు సగం మా నాన్నకీ. నేలతో సహా! పొట్టేలు కోసి ఇద్దరూ ఒకే పళ్ళెంలో కుస్కుస్ తిన్నారు. ఆ సగం తర్వాత మా అన్నలు అమ్ముకుతిన్నారనుకో, వాళ్ళ మొహం."

"పంచుకునే మాట ఎప్పుడు అనుకున్నారు?"

"ఎప్పుడేమిటి? మొదటి గుంట తవ్వకముందే అనుకుంటారు. లేకపోతే ఎవడు తవ్వుతాడే?"

అనేసి, తుర్కియా నోట్లో రొట్టె అలాగే ఉంచుకుని మొంజియా వంక చూసింది.

"నీ అసాధ్యం కూలా!" అంది తుర్కియా. "కానీ అది మగాళ్ళ పద్ధతి."

"చెట్టుకి తెలుస్తుందా, గుంట తవ్వింది మీసాలున్నవాడా కాదా అని?"

"నీకు లేకపోవచ్చుగానీ, నాకు కొంచెం ఉన్నాయిలే," అని తుర్కియా పైపెదవి తడుముకుంది.

ఆ సాయంత్రం ట్రక్కు దిగి నడుస్తుంటే, లజ్‌హర్ తన బండి ఆమె పక్కన ఆపాడు. దలెందా తమ్ముడు. ఊళ్ళో నూనె గానుగ అతనిదే. దలెందా ఇప్పుడుంటున్న పాత ఇల్లు పంపకాల్లో అతని వాటాకి వచ్చింది. గానుగ షెడ్డు పెంచడానికి వచ్చే ఏడాది దాన్ని పడగొడతానని అందరికీ చెప్పుకుంటున్నాడు. అక్క ఎక్కడికి పోతుందంటే మాత్రం, నా అక్కయ్య నాకు బరువా అంటాడు. మనిషి మాట తేనె.

"మొంజియా, మీ అందరిలో బుర్రున్నదానివి నువ్వొక్కదానివేనని విన్నాను."

"ఎవరు చెప్పారన్నా?"

"గోడలు చెప్తాయి. ఇది నిలవదు అన్నావటగా. నేనూ అదే అంటున్నా. నాలుగు గిన్నెలు ఒకచోట ఉంటేనే మోత, నలుగురు ఆడవాళ్ళు ఉంటే ఉంటుందా?" బండి తలుపుమీద వేళ్ళతో దరువు వేశాడు. "శుక్రవారం నమాజయ్యాక తాడు పట్టి ఇంటికి గుర్తులు పెడుతున్నారట. నేను హాజ్ మిఫ్తాహ్‌ని తీసుకొస్తా. పెద్దాయన ముందు నువ్వు అన్నమాటే మళ్ళీ అను. ఇది విడిపోతుంది అను, చాలు. అక్క మనసు మారుతుంది, నేల నా గానుగ కింద చేరుతుంది, అక్క పరువు నిలబడుతుంది."

"నా సంగతి?"

"నిన్ను మర్చిపోతానా? గానుగ వెనక గది ఖాళీగా ఉంది. సంచులు కుట్టుకుంటూ ఉండొచ్చు. ఆలోచించుకో."

బండి వెళ్ళిపోయాక కూడా మొంజియా రోడ్డు మీదే నిలబడింది. తన మాట అతని నోట్లో వినేసరికి ఆమెకి ఒళ్ళు మండింది. పైకి అదే మాటలా ఉంది. విడిపోవచ్చని ఆమె భయపడుతోంది, విడిపోవాలని అతను కాచుకుని కూర్చున్నాడు. ఇంతకీ ఊళ్ళో అందరూ ఆ రోజుకోసమే చూస్తున్నారని, ఆ రోజు వస్తే ఏం చెయ్యాలో ముందే అనుకుని పెట్టుకున్నవాడు లజ్‌హర్ ఒక్కడేనని ఆమెకి అప్పుడు తట్టింది. తాము చెప్పుకోకపోతే, అతను చెప్పుకున్నదే జరుగుతుంది.

కానీ గది మాట అబద్ధం కాదు. అది ఆమె చూసిన గదే. గోడ మందం, పైకప్పు గట్టి. ఇంటికి వెళ్ళేసరికి వదిన ఆమె పడుకునే గదిలో పెళ్ళి మంచం ఎటు పడుతుందోనని తాడుతో కొలుస్తోంది. "ఏమనుకోకమ్మా, చూసుకుంటున్నానంతే," అంది నిజంగానే మొహమాటపడుతూ. మొంజియా తాడు రెండో కొస పట్టుకుని కొలవడానికి సాయం చేసింది. గానుగ గది ఆ పూటంతా ఆమె కళ్ళముందు కదిలింది. సిగ్గుపడాల్సిన పనేముంది, ఎవరికైనా కదులుతుంది.

శుక్రవారం ఎండ బాగా కాసింది. దలెందా కబురైతే పంపలేదుగాని, రావద్దనీ అనలేదు. మొంజియా వెళ్ళేసరికి ఇల్లు కట్టే అమ్మార్ మేస్త్రీ గుర్తుకి మేకులు కొడుతున్నాడు. నాటడానికి ముసలి చెట్ల మొదళ్ళనించి నరికి తెచ్చిన ఆలివ్ దుంగలు తడిగోనె కప్పి ఒక పక్కన పెట్టారు. సాలిహా కూతురు వాటిమీద కూర్చుని ఉంది. దలెందా తాడు చుట్ట భుజానికి వేసుకుని నేలమధ్యలో నిలబడింది. రాళ్ళూ, ముళ్ళపొదలూ తప్ప ఏమీలేని నేల అది. ఐనా సొంత నేలమీద నిలబడినప్పుడు మనిషికి వచ్చే పొడుగు ఆవిడకి వచ్చింది.

లజ్‌హర్ బండి రానే వచ్చింది. హాజ్ మిఫ్తాహ్‌ని చెయ్యిపట్టి దింపాడు. వెనకే ఊళ్ళోవాళ్ళు నలుగురైదుగురు, పనేం లేనివాళ్ళు, వినోదం చూడ్డానికి వచ్చారు.

"అక్కా, నీకు అడ్డం రావడానికి రాలేదు," అన్నాడు లజ్‌హర్ అందరికీ వినపడేట్టు. "మీవాళ్ళలో ఒకావిడకి అనుమానం ఉందట. పెద్దాయన ముందు చెప్పనీ. ఏం మొంజియా?"

దలెందా మొంజియా వంక చూసిన చూపు ఉంది చూడండి, తిట్టినా బాగుండేది. సాలిహా "అక్కా, వద్దక్కా" అంది చిన్నగా.

మొంజియా ముందుకు వచ్చింది.

"చెప్తా హాజ్. ఇది విడిపోవచ్చు."

లజ్‌హర్ నవ్వి, విన్నారా అన్నట్టు చుట్టూ చూశాడు.

"సాలిహా మొగుడు తిరిగి రావచ్చు. వస్తే పోవద్దనడానికి మనమెవరం? తుర్కియత్త పెద్దది. నేనూ దలెందక్కా ఉప్పు దగ్గరో పప్పు దగ్గరో దెబ్బలాడుకుని ఏడాదిపాటు మాట్లాడుకోకపోవచ్చు. ఇవన్నీ జరిగేవే. జరిగితే ఏంచెయ్యాలో ఇప్పుడు చెప్తున్నా, వినండి." ఆమె వంగి, మేకు దగ్గర గులకరాయి తీసి పట్టుకుంది, చేతికి ఏదో ఒకటి కావాలి కదా. "మేం మగార్సాకి వచ్చాం. నేల దలెందక్కది. గుంటలు తవ్వేది, నీళ్ళు మోసేది నలుగురం. చెట్లు కాపుకొచ్చిన నాడు రోడ్డువైపు సగం నాటినవాళ్ళది, కొండవైపు సగం అక్కది. కలిసుంటే ఆ గీత ఎవరికీ కనపడదు. విడిపోతే కనపడుతుంది. మధ్యలో పోయేవాళ్ళకి వాళ్ళు నాటిన చెట్లలో సగం, ఆ తర్వాత వాటికి నీళ్ళు పోసినవాళ్ళకి సగం. ఇంటికి నాలుగు గదులు. ప్రతి గదికీ లోపలి వాకిట్లోకి ఒక తలుపు, బయట దారిలోకి ఒక తలుపు. దెబ్బలాడుకుంటే లోపలి తలుపు వేసుకుంటాం, బయటి తలుపులోంచి తిరుగుతాం. వాననీళ్ళ తొట్టి మాత్రం ఎవరూ పంచడానికి లేదు. తగువులో ఉన్నా నీళ్ళకి రావాల్సిందే, ఒకరి ముఖం ఒకరు చూడాల్సిందే."

"ఎనిమిది తలుపులా?" అన్నాడు అమ్మార్ మేస్త్రీ. "నా సర్వీసులో ఇల్లంటే ఒక్కటే వీధి తలుపు. ఇది ఇల్లా, సంతా?"

"మేస్త్రీ, నిన్నెవరన్నా ఎప్పుడన్నా ఆ ఒక్క తలుపులోంచి బయటికి నెట్టారా?" అంది మొంజియా.

మేస్త్రీ సుత్తి వంక చూసుకున్నాడు.

లజ్‌హర్ నవ్వు పోయింది. "చూశావా అక్కా! నేను నేల కాపాడదామని చూస్తుంటే, ఈవిడ పట్టపగలు సగం కొట్టేస్తోంది! ఆడవాళ్ళకి మగార్సా ఏమిటి హాజ్, ఎక్కడన్నా ఉందా?"

హాజ్ మిఫ్తాహ్ గడ్డం కింద కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. "ఎక్కడా చూళ్ళేదు," అన్నాడు. మళ్ళీ ఆలోచించి, "కూడదని కూడా ఎక్కడా వినలేదు," అన్నాడు. లజ్‌హర్ ఆయన్ని తీసుకొచ్చింది ఆ రెండో మాటకోసం కాదు.

"మా అక్క ముందు పోతే? అప్పుడు నేను కదా వారసుణ్ణి?"

"నీకు అక్క సగం వస్తుంది. నాటినవాళ్ళ సగం వాళ్ళదే. మగార్సా చచ్చినవాళ్ళతో చావదురా," అన్నాడు హాజ్.

ఇక అందరూ దలెందా వంక తిరిగారు. ఆవిడ భుజం మీద తాడు అలాగే ఉంది. ముఖంలో ఏమీ తెలియడం లేదు. మొంజియా చేతిలో గులకరాయి చెమటకి తడిసింది. అయిపోయింది, ఇక గానుగ గది కూడా లేదు, ఏదీ లేదు అనుకుంది. అనుకుంటే విచిత్రంగా ఒళ్ళు తేలికైంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, నెట్టకముందే తాను మాట్లాడింది.

"లజ్‌హర్," అంది దలెందా. "ఒకవేళ ఇది విడిపోయిందనుకో. వీళ్ళు తలోదారీ పోయారు. నేను ఒక్కదాన్నే మిగిలాను. అప్పుడు నేనెక్కడుంటా?"

"అదేం మాటక్కా! నా ఇంట్లో ఉంటావు. నెత్తిన పెట్టుకుని చూసుకుంటా. చిన్నప్పుడు నన్నెత్తుకుని పెంచావు, మర్చిపోతానా?"

"మర్చిపోవులే. ఏ గదిలో?"

"ఆఁ?"

"నీ ఇంట్లో నాకు ఏ గది?"

లజ్‌హర్ నోరు తెరిచాడు. ఇల్లు పెద్దదే. మేడ పెద్దకొడుక్కి, కింద వాకిలి వైపు రెండోవాడికి, రోడ్డువైపు గది చుట్టాలకి, వెనకది సామానుకి. లెక్కంతా అతని ముఖంలో నడవడం అందరికీ కనిపించింది.

"దానికేముందక్కా... సర్దుకుంటాం... ఎక్కడో ఒకచోట..."

ఊళ్ళోవాళ్ళలో ఎవరో గొంతు సవరించుకున్నారు. దలెందా కాసేపు ఆగింది, తమ్ముడు ఇంకేమన్నా అంటాడేమోనని నిజంగానే ఎదురుచూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటిని తుడుచుకోలేదు కూడా.

"ఈ మనిషికి నామీద నమ్మకం లేదు," అంది మొంజియాని చూపిస్తూ. "ఐనా నేను ఒంటరిదాన్నైతే నా సగం ఏదో, నా తలుపు ఏదో చెప్పింది. నువ్వు నన్ను ప్రేమిస్తావు. నీ ఇంట్లో నాకు గది లేదు."

"అక్కా, నలుగురిలో—"

"నలుగురిలోనే అడగాలి. నువ్వే తీసుకొచ్చావు కదా నలుగుర్నీ." ఆవిడ భుజం మీంచి తాడు తీసి, ఒక కొస మొంజియా మీదికి విసిరింది. "సగానికి పట్టు. రోడ్డువైపు నీళ్ళు నిలుస్తాయి, మంచి నేల, అదే మీది. మేస్త్రీ, ఎనిమిది తలుపులు. హాజ్, సాక్షి నువ్వే. సోమవారం కాగితం రాసేవాడి దగ్గరికి నువ్వే రావాలి."

"వస్తా," అన్నాడు హాజ్ మిఫ్తాహ్. "పొట్టేలు కోసేనాటికి బతికుంటే దానికీ వస్తా."

తుర్కియా వెనకనించి తోస్తే మొంజియా కొస అందుకుని కదిలింది. తాడు బిగించారు. గీతకి సున్నం చల్లారు. అప్పుడు దలెందా చేతులు దులుపుకుని, "వంటిల్లు ఇటు, తూర్పున కడదాం, పొద్దుటెండ పడుతుంది," అంది.

"తూర్పునా? నీకు మతి పోయిందా?" అంది తుర్కియా. "గాలి అటునించే కదా, పొగంతా నా గదిలోకి కొడుతుంది! పడమటనే కట్టాలి."

"పడమట రాయి తగుల్తుంది, తవ్వలేం," అంది మొంజియా.

"నువ్వు తవ్వలేకపోతే నేను తవ్వుతా!"

"అసలు వంటింటికి గోడలెందుకు? వాకిట్లోనే వండుకోవచ్చుగా," అని సాలిహా కూడా మధ్యలో దూరింది. అంతవరకూ దలెందా మాటకి ఎదురు చెప్పి ఎరగని పిల్ల.

"వానొస్తే నీ నెత్తిమీద వండుకోనా?" అని దలెందా అరిచింది. ఆవిడ అరవగలదని అక్కడ ఎవరికీ తెలీదు.

బండి తిప్పుకుంటున్న లజ్‌హర్‌కి ఆ కేకలు వినపడ్డాయి. అప్పుడే మొదలైందనుకున్నాడో ఏమో, ఆశగా బండి ఆపి, అద్దం దించి తల బయటికి పెట్టాడు.

తుర్కియా ముందు అతన్ని చూసింది. రెండు చేతులూ నడుంమీద పెట్టుకుని నిలబడింది.

"పోరా నాయనా, పో! మా దెబ్బలాట ఇంకా చాలా సేపుంది. నీకు గానుగ దగ్గర పనుంటుంది."

దలెందా అటు తిరిగి చూడను కూడా చూడలేదు. పడమటి మూల గునపం దింపి, రాయి తగుల్తుందో లేదో మొంజియాకి చూపించడంలో ఉంది.